కిటికీ ఉన్న పోర్షను

ఏంట్రా అవి, ఫ్లాటు కాగితాలేనా? ఇలా పెట్టు. చదవడానికి కాదులే, అంత చిన్న అక్షరాలు ఇప్పుడు నా వల్ల కాదు. ఊరికే బరువు చూద్దామని. అబ్బో, బాగానే ఉంది. అయితే ఏమంటావ్, బ్యాంకు వాడు లోనిస్తాడు, నువ్వు ఫ్లాటు కొంటావ్, అందులో ఎవరో అద్దెకి దిగుతారు, ఆ అద్దె తీసుకెళ్లి నెలనెలా బ్యాంకులో కడతావ్. ఇరవై ఏళ్లకి ఫ్లాటు నీది. అంతేగా? తప్పనడం లేదురా, ఎందుకంత ఉలికిపాటు. ఇదే మాట యాభై ఏళ్ల కిందట ఒకాయన నాకు పూస గుచ్చినట్టు చెప్పాడు. మా కండక్టరు గారు. మీ అమ్మ పుట్టిన ఇంటి ఓనరు. చెప్పలేదా మీ అమ్మ? ఇరవై ఏళ్లున్నాం అక్కడ.

నిజం కండక్టరేరా, బస్సు కండక్టరు. ఉద్యోగంలో ఉండగానే లోను పెట్టి మేడ కట్టాడు. కింద రెండు పోర్షన్లు, పైన రెండు. కట్టేటప్పుడు మేస్త్రీ అడిగాడట, "ఇంతకీ తమరు ఎందులో ఉంటారండీ?" అని. ఈయన మెట్ల కింద గది చూపించాడట. సిమెంటు బస్తాలు పడేసుకున్న గది అది. మేస్త్రీ వేళాకోళం అనుకున్నాడు. కాదు. "బస్సులో సీటు ఖాళీగా పోతే ఎవడికి నష్టమయ్యా? ముందు ప్యాసింజర్లు కూర్చోవాలి. కండక్టరు నిలబడే రావాలి." అదీ ఆయన పద్ధతి. అద్దెకి ఎవరొచ్చినా నీ జీతమెంత అని అడిగేవాడు కాదు. "ఎక్కడ దిగాలి?" అనేవాడు. అంటే ఎన్నాళ్లుండి ఖాళీ చేస్తావని. అద్దె సరిగ్గా చిల్లరతో సహా ఇవ్వాలి, నోటిచ్చి మిగతాది ఇమ్మంటే మొహం మాడ్చుకునేవాడు. ఇచ్చిన రసీదుకి మూల, బస్సు టిక్కెట్టుకి కొట్టినట్టే, ఒక చిల్లు. ఆ చిల్లు మిషను డిపోలో తిరిగిచ్చాడో లేదో నేనెప్పుడూ అడగలేదు.

ఆయన సంగతికేంలే. ఆవిడ సంగతి చెబుతాను, వాళ్లావిడ. మనిషి పొడుగు. ఆ మెట్ల కింద గదిలో ఆవిడ నిటారుగా నిలబడాలంటే తలుపు దగ్గర ఒక్కచోటే వీలయ్యేది, అక్కణ్ణుంచి లోపలికి వెళ్లేకొద్దీ కప్పు కిందికి దిగుతూ వస్తుంది కదా, అలాగే వంగుతూ వెళ్లేది. కుట్టు మిషను ఆ చివర. కిటికీ లేదు. పగలు కూడా బల్బు కిందే కుట్టాలి. నెత్తి మీద అందరి అడుగులూ. ఎవరు దిగుతున్నారో, ఎవరింట్లో పోట్లాటైందో ఆవిడకి చప్పుడుని బట్టే తెలిసిపోయేది. "ఇవాళ పైవాళ్లు మాట్లాడుకోవడం లేదులా ఉంది, ఆయన ఒక్కో మెట్టూ తొక్కి మరీ దిగుతున్నాడు" అనేది. నిజమే అయ్యేది. మీ అమ్మయితే మెట్లన్నీ దూకుతూ దిగేది. ఆవిడ ఒక్కనాడూ పిల్లని ఏమనలేదు.

అసలు ఏంటంటే, ఇల్లు కట్టేటప్పుడు బ్యాంకు వాడు సగానికే లోనిస్తానన్నాడు. మిగతా సగం? ఆవిడ గొలుసు, గాజులు, పదిహేనేళ్లు మిషను తొక్కి దాచుకున్నది. అందుకని ఆవిడ అడిగింది. "ఏమండీ, మీరంటే కండక్టరు. నేను టిక్కెట్టు కొన్నదాన్ని. నా సీటేది?" ఆయన నవ్వాడట. "లోను తీరనీవే. తీరిన నెల పైన ముందు పోర్షను నీది, కిటికీ దగ్గర మిషను వేసుకుని మహారాణిలా కుట్టుకో" అన్నాడట. పదకొండేళ్లు కట్టారు. ఈలోపు ఆవిడ కళ్లద్దాలు మూడుసార్లు మారాయి. నాకెలా తెలుసంటావేంట్రా, నేను పనిచేసింది కళ్లజోళ్ల షాపులోనేగా! ఆ అద్దాలు అరగదీసింది నేనే. మారినప్పుడల్లా ఇంకాస్త మందం. "అక్కగారూ, వెలుతురులో కుట్టుకోండి" అని చెప్పేవాణ్ణి. అలా తెలిసిన మనిషనే ధైర్యంతోనే ఇల్లడగడానికి వెళ్లాను.

అదే చెబుతున్నాను. మీ అమ్మమ్మకి అప్పుడు ఏడో నెల. ఉన్న ఇల్లు కారుతోంది. వెళ్లి చూద్దును కదా, పైన ముందు పోర్షను ఖాళీగా ఉంది, కొత్తగా సున్నం కొట్టి ఉంది. కిటికీ కింద కుట్టు మిషను. కిటికీకి సగం కట్టిన కర్టెను, పసుప్పచ్చది, చిన్న చిన్న పువ్వులు. అప్పటికి లోను తీరి ఆరు రోజులట. ఆ సంగతి నాకు తరవాత తెలిసింది. ముందే తెలిసినా దిగేవాణ్ణే, అబద్ధమెందుకు? కండక్టరు గారు "ఎక్కడ దిగాలి తమ్ముడూ?" అన్నాడు. "ఆరు నెలలండీ, పిల్ల పుట్టి కాస్త కుదురుకునేదాకా" అన్నాను. ఆయన అప్పటికే పక్క స్థలం బేరం చేసేశాడురా. మేడ చూపిస్తే బ్యాంకు వాడు మళ్లీ లోనిస్తానన్నాడు. మరి కొత్త లోనుకి కొత్త అద్దె కావద్దూ? ఆవిడకి ముందుగా ఒక్క మాట చెప్పలేదు, అప్పుడే నా ఎదురుగానే చెప్పాడు. "ఆరు నెలలేనే, పాపం కడుపుతో ఉన్న మనిషి" అని. ఆవిడ స్టూలెక్కి కర్టెను విప్పింది. మడతపెట్టింది. మిషను నేను పట్టుకుంటానన్నా వినలేదు, మిషను తల స్టాండు మీంచి ఆవిడే తీసి కిందికి దింపుకుంది. కింద మీ అమ్మమ్మ ఎదురైతే, "నాలుగో మెట్టు ఎత్తుగా ఉంటుంది, చూసుకో అమ్మా" అంది.

ఆరు నెలలు, పదహారేళ్లయ్యాయి. బట్టలారేయడానికి డాబా మీదకి వెళ్తూ ఒక్కోసారి మా గుమ్మంలో ఆగేది. కిటికీ వైపు చూసేది. కూర్చోండి అక్కగారూ అంటే, "పనుంది తమ్ముడూ" అని వెళ్లిపోయేది. అంతే.

కండక్టరు గారు పోయారు. పక్క స్థలం అమ్మితే రెండో లోను తీరింది. మేడ ఆవిడదైంది. నెల దాటాక ఒక మధ్యాహ్నం ఆవిడ పైకొచ్చింది. అద్దె రోజు కాదు. చంకలో మడత పెట్టిన కర్టెను. మడతల దగ్గర వెలిసిపోయింది గానీ అదే. చూడగానే నాకు అర్థమైపోయింది. ఆవిడ నోరు తెరవకముందే నేనే మొదలెట్టాను. "అక్కగారూ, పిల్లకి పదో తరగతి పరీక్షలు, మధ్యలో ఇల్లు మారమంటే ఎక్కడికి పోతాం, కావాలంటే అద్దె పెంచుతాను…" గుక్క తిప్పుకోలేదురా నేను. ఎక్కడ ఆపితే ఆవిడ అడుగుతుందోనని. ఆవిడ మొత్తం విన్నది. కిటికీ కేసి చూసింది. మీ అమ్మ అక్కడే కూర్చుని చదువుకుంటోంది. "పెంచక్కర్లేదు తమ్ముడూ" అంది. "పిల్ల పుస్తకం మీద ఎండ పడుతోంది. ఇది కట్టు" అని ఆ కర్టెను నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. కట్టాను. కొలత పెట్టినట్టు సరిపోయింది.

సరిపోదూ మరి.

పరీక్షలు రెండు నెలల్లో అయిపోయాయి. మేం ఇంకో నాలుగేళ్లున్నాం. ఆవిడ ఆ మెట్ల కిందే పోయింది, మేం ఖాళీ చేయడానికి ముందు ఏడాది. చివర్లో దారం సూదిలోకి ఎక్కించడానికి మీ అమ్మని పిలిచేది…

ఏదీ, పెన్నేది? హామీ సంతకం కోసమేగా వచ్చావ్. ఎక్కడ, ఇక్కడేనా? కాస్త అటు జరగరా, వెలుతురుకి అడ్డం వస్తున్నావ్.