సుశీల ఒక్కతే

మెదక్ బస్టాండు దాటగానే ‘సుశీల ఎరువులు, విత్తనాలు’ దుకాణం. నాట్ల కాలం కదా, బయట యూరియా కోసం జనం. లోపల బిల్లుల సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ నుంచి తనిఖీకి వచ్చిన శశిధర్. ఎంతటివాడికైనా మాటలతోనే మూడు చెరువుల నీళ్లు తాగించగల పెద్దావిడ ఆ పూట గల్లాపెట్టె వెనక కూర్చుని ఒక్కో మాటా తూచి వదులుతోంది.

“మళ్లొకసారి అడుగుతున్న మేడం. ఈ సాఫ్ట్‌వేర్ల బిల్లు కొట్టేది ఎవరు?”

“సుశీల.”

“సుశీల అంటే మీరేనా?”

“గల్లా మీద ఎవరున్నరు? నేనే గద.”

“మీరొక్కరేనా?”

“సుశీల ఒక్కతే సార్. ఇద్దరుంటే దుకాణం నిలుస్తదా? చాయ తాగుండ్రి, అల్లం ఏసి చేపిచ్చిన. మీ గొంతు బొంగురు పోయింది.”

“జలుబు మేడం. మీ మోకాళ్లు ఎట్లున్నయి?”

“ఉన్నయి తీయుండ్రి. మీరేదో అడుగుతుండ్రి.”

“మంగళవారం పొద్దుగాల మెదక్‌ల సుశీల యూరియా బిల్లు కొట్టింది. అదే నిమిషానికి తూప్రాన్ బ్రాంచిల సుశీల వరి విత్తనాలు అమ్మింది.”

“నాట్ల కాలం. ఉరుకులాట ఉంటది.”

“మెదక్‌కు తూప్రాన్‌కు నడుమ ఎంత దూరం మేడం?”

“రోడ్డు మంచిగయింది సార్. దూరమేముంది ఇప్పుడు.”

“అదే నిమిషంల ఎల్దుర్తి బ్రాంచిల గూడ సుశీలనే ఉంది.”

“ఎల్దుర్తి మా తల్లిగారూరు. పోకుంటే అన్నదమ్ములు ఏమనుకుంటరు?”

“ఒక్క నిమిషంల మూడు ఊర్లు తిరిగిండ్రా?”

“ఆడోళ్లకు అలవాటే. పొయ్యి మీద పాలు, వాకిట్ల చుట్టం, చెవుకాడ ఫోను. మీ ఇంట్ల అడిగి చూడుండ్రి. ఓ దుర్గమ్మా, తోసుకోకు, జర ఆగు. సార్ పోంగనే నీదే ముందు.”

“మేడం, ఇటు చూడుండ్రి. ఆదివారం పొద్దుగాల మెదక్ సుశీల బిల్లు కొడ్తది. తూప్రాన్ సుశీల కొడ్తది. ఎల్దుర్తి సుశీల మాత్రం మధ్యాన్నం దాక కనవడదు. ఎందుకు?”

“చర్చికి పోతది.”

“ఎవరు?”

“ఎవరేంది, నేనే.”

“మీ వెనక గోడకు ఎల్లమ్మ ఫోటో ఉంది. మీ బొట్టు రూపాయి బిళ్లంత ఉంది.”

“మెదక్‌ల ఉండి చర్చి మెట్లెక్కనోళ్లు ఎవరున్నరు సార్? దేవుడు ఒక్కడే. సుశీల ఒక్కతే.”

“పాటలు గూడ పాడుతరా?”

“మస్తు పాడ్తది.”

“పాడ్తదా? మీరు గద పోయేది.”

“చాయ సల్లారుతుంది.”

“సూటిగనే చెప్త మేడం. మీది పాత ప్లాన్. దాన్ని ఒక్క మనిషే వాడాలె. ఇద్దరు వాడుతున్నరని తేలితే ఇయ్యాల్నే బందు వెడతరు. మూడు దుకాండ్లల్ల ఒక్క బిల్లు రాదు.”

“బిల్లు లేకుంటే బస్త కదలదు సార్. బయట జనాన్ని చూసిండ్రా? దుకాణం పీకి పందిరేస్తరు.”

“కొత్త ప్లాన్ తీసుకోండ్రి మరి. మనిషికింత, నెల నెలా.”

“మొదాలు ఏమన్నరు మీరు? ఒక్కసారి కొంటే ఎప్పటికీ మీదే అన్నరు. కొన్నం. కొన్నంక, కాదు కాదు, యేడాదికోసారి కట్టాలె అన్నరు. కట్టినం. ఇప్పుడు మనిషికింతనా? రేపు వేలికింత అంటరు. నేను రెండు వేళ్లతోనే కొడ్త, ఇప్పుడే రాసి పెట్టుకోండ్రి.”

“రేట్లు నేను మారుస్తనా మేడం? పైనోళ్లు మారుస్తరు. మాకు మెయిల్ వస్తది. అది చదివే లోపల, అది కాదు ఇది అని ఇంకోటి వస్తది.”

“మనిషికింత మీకు కడితే ఆ మనిషికి జీతం ఏడికెల్లి వస్తది? ఎవరినో ఒకరిని ఇంటికి పంపాలె. ఎల్దుర్తిల నిస్సి ఉంది, వాళ్ల నాయిన మంచంల వడ్డడు. ఆ పిల్లను పొమ్మంటే నాకు బువ్వ దిగుతదా?”

“నిస్సి ఎవరు?”

“ఎవరో. మాట వరసకు.”

“చర్చిల పాటలు పాడే పిల్లనా?”

“చూడుండ్రి సార్. మా దగ్గర గల్లా మీద ఎవరు కూసుంటే దుకాణం పేరు వాళ్లదే. ఎనుకట ఇది యాదలక్ష్మమ్మ దుకాణం. ఆమె బువ్వకు లేస్తే నేను కూసునేది. రైతులు నన్ను గూడ యాదలక్ష్మమ్మా అనే పిలిచేది, నేను ఓయ్ అనేది. గది మా పద్ధతి. మీ సాఫ్ట్‌వేర్ నిన్న మొన్న వచ్చింది.”

“అంటే, ఒప్పుకున్నట్టేనా?”

“పద్ధతి చెప్పిన. ఒప్పుకోలే.”

“నా చేతుల ఏం లేదు మేడం. నేను చూసింది రాస్త, అంతే. మీ ప్లాన్ ఉంచుడా తీసుడా అన్నది హెల్ప్‌లైన్ ఆశా మేడం చెప్పాలె.”

“ఆశా మేడమా? నాకు మంచిగ ఎరుక. నిన్ననే మాట్లాడిన. కష్టం సుఖం అడుగుతది పాపం.”

“అవును, మంచి మేడం.”

“కాని సార్, పోయిన యేడు ఆమె గొంతు సన్నగుండె. నడుమ కొన్ని దినాలు గుంటూరు యాస వచ్చింది. నిన్నయితే మగోని తీరు బొంగురు పోయింది. జలుబట.”

“వానలు మొదలైనయి గద. అందరికీ ఉంది.”

“నా మోకాళ్ల నొప్పి సంగతి నిన్న ఆమెకు తప్ప ఎవ్వరికీ చెప్పలే. ఇక్కడ తెలిస్తే గల్లా మీద కూసోనియ్యరని భయం. మీకెట్ల తెలిసింది?”

“అది... మీరు నడుస్తుంటే చూసిన.”

“మీరొచ్చిన కాడికెల్లి నేను లేవనే లేదు.”

“చాయ మంచిగుంది మేడం.”

“తాగుండ్రి. అందాక నేను ఆశా మేడంనే అడుగుత. ఆమె బందు వెట్టమంటే పెట్టుండ్రి, కాదన.”

“ఇప్పుడెందుకు మేడం, లంచ్ టైం, ఆమె ఎత్తదు...”

“రింగయితుంది.”

“మేడం...”

“మీ జేబుల గూడ రింగయితుంది.”

“మా ఇంటికెల్లి.”

“కట్ చేయుండ్రి మరి. ఇగో, మీ ఇంటోళ్లది కట్ చేస్తే నాది కట్టయింది.”

“సిగ్నల్ లేదేమో మేడం.”

“నాయినా శశిధర్. అసలు ఆశా ఏది?”

“పోయిన యేడే తీసేసిండ్రమ్మా. హెల్ప్‌లైన్‌ల మేం వాడే సాఫ్ట్‌వేర్ ఇంకో కంపెనీది. వాళ్లు గూడ మనిషికింత అన్నరు. మావోళ్లు అందరినీ తీసేసి ఆశా అని ఒక్క పేరే ఉంచిండ్రు.”

“పేరు ఉంచి మనిషిని పంపిండ్రు.”

“తనిఖీలకు తిరిగేటోళ్లమే వారానికొకరం ఆ ఫోన్ ఎత్తుతం. ఈ వారం నాది. బయటపడితే నా నౌకరి పోతదమ్మా.”

“నేనెవరికి చెప్త బిడ్డా? ఫోన్ ఎవరెత్తితే వాళ్లే ఆశా. మంచి పద్ధతే, మాదే. మళ్లొకసారి కొడ్తున్న.”

“వద్దమ్మా.”

“రింగయితుంది. ఎత్తు.”

“హలో. నమస్తే, హెల్ప్‌లైన్. ఆశా మాట్లాడుతున్న.”

“ఆశా మేడం, మెదక్‌కెల్లి సుశీలను. మీ సార్ వచ్చిండు. నేనెంత మందినో లెక్క వెడుతుండు.”

“మా దగ్గర చూసిన మేడం. మీరు ఒక్కరే. పాత ప్లాన్ అట్లనే ఉంటది.”

“సల్లగుండు తల్లీ. జలుబుకు మిరియాల పాలు తాగు. ఇగ పెట్టేస్తున్న.”

“అమ్మా, నీకు దండం. రిపోర్టుల కూడా ఒక్కరే అని రాసిన. ఇగో, ఈడ సుశీల అని ఒక్క సంతకం పెడితే నేను పోత.”

“సంతకమా? దానికి పొద్దుగూకినంక రావాలె బిడ్డా. నిజాంపేటల పెండ్లికి పోయింది, అప్పటికి సుశీలమ్మ వస్తది.”