సూర్యకళక్క ముందుగది

వేదిక మీదున్న పాస్టర్ ఉదయ్‌కుమార్ గారికి, పెద్దలకు, ఏ చర్చి నుంచి వచ్చినా ఈ హాల్లో కలిసి కూర్చున్న మీ అందరికీ వందనాలు. మన ఐక్య క్రైస్తవ సంఘాన్ని మొదలుపెట్టిన సూర్యకళక్క, కార్యదర్శి బాధ్యత నాకప్పగించి, నిడదవోలులో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. ఆవిడ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. బాగా మాట్లాడేవాళ్ళు ఇంతమంది ఉండగా నన్నెందుకు పిలిచారో నాకింకా తెలియదు.

పాలకొల్లు నుంచి డిగ్రీ చదువుకి రాజమండ్రి వచ్చిన కొత్తలో, దానవాయిపేటలో అక్క ఇంటి ముందుగదిలో బుధవారం ప్రార్థన జరుగుతుందని విని వెళ్ళి, గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"మేం లూథరన్లమండి, రావచ్చా?"

"లూథరన్లు కాఫీ తాగరా ఏంటి? రా లోపలికి!" (నవ్వులు)

నాకు తెలిసిన సంఘ స్థాపన అదేనండి. ఆ గదిలో చాప ఒకటే గాని చర్చిలు నాలుగు. మొదటి క్రిస్మస్‌కి అందరం ఒకే కీర్తన ఎత్తుకుంటే, బాప్టిస్టులు ఒక రాగంలో, మేము ఇంకో రాగంలో, ఎవరూ తగ్గక, చివరికి వాళ్ళు ముందే ముగించి మా కోసం కాచుకుని కూర్చున్నారు. పల్లంరాజు గారూ, మీరు నవ్వకండి, అందరికంటే గట్టిగా పాడింది మీరే.

ఇప్పుడు హాలుంది, కీబోర్డుంది, తెర మీద పాట పడుతుంది, ఎవరూ రాగం తప్పరు. ఎదుగుదలే, కాదనను. కానీ మోకాలికి మోకాలు తగిలే ఆ ఇరుకు మీద నాకింత బెంగ ఎందుకో... క్షమించండి.

మొన్న అక్క సామాను సర్దుతుంటే వెళ్ళాను. "ఇంకొక్క ఏడాది ఉండండక్కా. నాకన్నీ సందేహాలే. ప్రార్థన చేస్తున్నప్పుడు కూడా, ఆయన వింటున్నాడా అనిపిస్తుంది" అన్నాను. ఆవిడ చీర మడతపెడుతూ తల కూడా ఎత్తలేదు.

"నాకు లేవనుకున్నావా ఏంటి? అనుమానం ఉన్న బుధవారం కూడా తలుపు తీశాను. జనం వచ్చాక అదే సర్దుకునేది. ఒక్కోసారి సర్దుకునేదీ కాదు. అయినా కాఫీ పెట్టాలి కదే!"

ఇన్నేళ్ళూ ఆవిడ విశ్వాసాన్ని ఆనుకుని నిలబడ్డాననుకున్నాను. ఆవిడా నాలాగే సందేహాలతోనే నిలబడ్డారట. ఆ మాట విన్నాక, ఆవిడ లేని బుధవారం మరీ వెలితిగా కనిపిస్తోంది, కానీ అసాధ్యంగా లేదు.

అందరి ముందూ ఉండిపొమ్మంటే కాదనలేరని, ఆ మాట అడగడానికే మాట్లాడతానని ఒప్పుకున్నాను. అడగనక్కా. వెళ్ళండి. వచ్చే బుధవారం ఈ హాలు తలుపు నేను తీస్తాను. ఆ రోజు నాకేమనిపించినా తీస్తాను.

ఓపిగ్గా విన్నారు, మీ అందరికీ కృతజ్ఞతలు. అక్కా, సెలవు.