నాలుగో నంబరు మ్యాగజైన్

నూనె సంగతి ఎత్తావంటే ఊరుకోను హర్లన్! ఆ రైఫిల్‌కి పోసిన నూనెతో ఊరందరికీ చేపలు వేయించి పెట్టొచ్చు.

తుపాకులు అమ్మేవాడివీ నువ్వే, బాగుచేసేవాడివీ నువ్వే కాబట్టి నీ దగ్గరికొచ్చాను. చెప్పేది పూర్తిగా విను. ఆ కుర్చీ ఇటు లాగు, మోకాళ్ళు నిలబడనివ్వట్లేదు.

మా ఓలెటా అక్కకీ నాకూ ఒకేరోజు అమ్మావు కదూ, పిస్తోలు తూటాలు పేల్చే ఆ పొట్టి రైఫిళ్ళు? చూడ్డానికి కవలపిల్లలే. ఆవిడది వెన్నలా నడిచేది. నాదో? మూడు తూటాలు పేలేవి, నాలుగోది అడ్డంగా ఇరుక్కుని నా మొహంకేసి చూసేది. శనివారం పోటీలో క్లబ్బు జనమంతా వెనకాల నిలబడి, పెప్పరోని రోల్స్ నములుతూ, "వెస్టా, అది తుపాకా, కుట్టుమిషనా?" అని ఇకఇకలూ పకపకలూ!

శుభ్రం చెయ్యమన్నావు, చేశాను. తూటాల రకం మార్చమన్నావు, మార్చాను. ఏం ఒరిగింది?

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళు ఈ కొండల్లో స్కూలు బస్సు నడిపినదాన్ని. ఇంజను ఎక్కడ దగ్గుతోందో చెవితో పట్టినదాన్ని. ఈ బుల్లి తుపాకి రోగం పట్టలేనా?

తూటాలు నింపే మ్యాగజైన్లు నా దగ్గర ఐదున్నాయి. రెండు నీ దగ్గర కొన్నవి. మూడేమో చవగ్గా వస్తున్నాయని పోస్టులో తెప్పించినవి. అలా చూడకు, తప్పు ఒప్పుకుంటున్నాగా! ఎర్ర గోళ్ళరంగుతో వాటికి ఒకటి నుంచి ఐదుదాకా నంబర్లు వేశాను. ఒక్కోదాంతో మూడేసిసార్లు పేల్చి, ఏది ఎప్పుడు ఇరుక్కుందో క్యాలెండరు వెనకాల రాసుకున్నాను.

ఏం తేలిందనుకున్నావు? రైఫిల్ బంగారం!

ఐదోదానికి పెద్ద జబ్బేం లేదు. నిండా కుక్కితే గొళ్ళెం పడేది కాదు. ఒక్క తూటా తగ్గించి, అడుగున అరచేత్తో చరిస్తే టక్కున కూర్చుంది. అసలు దొంగ నాలుగోది. దాని పక్కన గొళ్ళెం పట్టే గాడి ఉంటుందే, అది అరిగిపోయి పెద్దదైంది. అందుకని మ్యాగజైన్ ఇంత కిందికి జారి కూర్చుంటోంది. తూటాని లోపలికి తోసే బోల్టు ముందుకొస్తుంది, తూటా అందదు, వీపు గీరుకుంటూ పోతుంది. కింద చెయ్యేసి పైకి ఎత్తిపట్టుకున్నానా, చిలకలా పలికింది. చెయ్యి తీశానా, మళ్ళీ అదే తంతు!

నవ్వుతావేం? నీకు తట్టలేదుగా!

చెత్తలో పారెయ్యలేకపోయావా అంటావా? అక్కడే ఉంది తిరకాసంతా. ఊరికే సాధనకైనా పనికొస్తుందిలే అని సంచి అడుగున పడేశాను.

మొన్న శనివారం ఆఖరి పోటీ. నువ్వు రాలేదు. ఆ రోజు నా చెయ్యి చూడాల్సింది! గురికి నిలబెట్టిన ఇనప పళ్ళేలు టంగు టంగుమని పడిపోతున్నాయి, ఒక్క తూటా మొరాయిస్తే ఒట్టు. ఇంక ఒక్క వరస మిగిలింది. అయినా అక్క నాకన్నా అర సెకను ముందుంది. పదకొండేళ్ళుగా ఆ అర సెకనే నన్ను తింటోంది.

అప్పుడు అక్క మ్యాగజైన్ చేజారి కంకర మీద పడింది. అడుగు ఊడిపోయి, స్ప్రింగు కప్పలా గెంతింది. "నీదొకటి ఇవ్వవే చెల్లీ" అంది.

ఇచ్చాను.

రెండుసార్లు ఇరుక్కుంది. ఆవిడ లాగి సరిచేసుకునేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది. క్లబ్బు గోడ మీద నా పేరు ఎక్కించారు. చప్పట్లే చప్పట్లు. అక్క కూడా వచ్చి కౌగిలించుకుంది.

మ్యాగజైన్‌ని ఒక్క మాట అంటేగా హర్లన్! "నా చేతుల్లో పట్టు పోయిందే వెస్టా. సరిగ్గా లోపలికి నెట్టి ఉండను. డెబ్భై రెండొచ్చాయి, ఇంక చాలు" అంది. నిన్న చర్చిలో నా పక్కనే కూర్చుని, పాట పాడకుండా ఆ చేతులకేసే చూసుకుంటోంది.

ఆ గోడకున్నది ఆవిడ రైఫిలే కదూ? ఆ పట్టీ అల్లింది నేనే, గుమ్మంలోంచే గుర్తుపట్టాను. పొద్దున్నే తెచ్చి అమ్మిపెట్టమందా? ముందు ఆ ధర చీటీ పీకెయ్యి. పీకమంటున్నానా!

ఏవిటీ? పొరపాటున చేతికి వచ్చి ఉంటుందా?

నీ నోట్లో చక్కెర పొయ్య. రెండ్రోజులు నేనూ అలాగే చెప్పుకున్నాను. కాదు నాయనా. సంచిలో ఎర్రగా నాలుగు కనిపించింది. దాని పక్కనే రెండూ ఉంది, మూడూ ఉంది. నాలుగే తీశాను. పైగా నవ్వుతూ ఇచ్చాను, "తీసుకో అక్కా" అని.

ఫోన్లోనా? ఉహుఁ, ఇది ఫోన్లో చెప్పే మాట కాదు. ఇప్పుడే కొండ మీద అక్క ఇంటికి వెళ్తున్నాను. ఈపాటికి వంటింట్లో ఉంటుంది, ఇనప పెనం చేతికందే దూరంలో. విసిరేస్తుంది, నాకు తెలుసు. విసరనీ. తిన్నగా వచ్చి నాకు తగిలిందనుకో, పట్టేం పోలేదని ఆవిడకే తెలిసొస్తుంది.