విప్పని కవరు

మధ్యాహ్నం మూడున్నరకు వడ్రంగి మేస్త్రీ అంటించినది అంటించినట్టే ఉన్న కవరొకటి తెచ్చి లాయరమ్మ బల్ల మీద పెట్టాడు.

"మా అన్నయ్యతో కేసు ఓడిపోయానమ్మా. రేపోమాపో నా షెడ్డు ఖాళీ చేయిస్తాడు. పై కోర్టుకు వెళ్లాలి."

"తీర్పు ఎప్పుడొచ్చింది?"

"ఇవాళ్టికి నలభై నాలుగు రోజులు."

"అప్పీలుకు గడువు ముప్పై రోజులే మేస్త్రీ. ఇన్నాళ్లూ ఏం చేశారు?"

"గడువు ఇంకా మొదలే కాలేదు కదమ్మా. తీర్పు నకలు ఈ కవర్లోనే ఉంది. పాత లాయరుగారి గుమాస్తా తెచ్చిచ్చాడు. విప్పితే రోజుల లెక్క మొదలవుతుందని మా ఆవిణ్ణి కూడా ముట్టుకోనివ్వలేదు."

"మీరు విప్పినా విప్పకపోయినా, లెక్క తీర్పు చెప్పిన రోజు నుంచే."

"అయితే షెడ్డు పోయినట్టేనా? నాకు చెయ్యి తిరిగిందే అక్కడమ్మా."

"ఉండండి, ముందు దీన్ని విప్పనివ్వండి. ఇదిగో, నకలు వెనకాల ముద్ర చూడండి. నకలుకు అర్జీ పెట్టింది ఐదో తారీకు, చేతికిచ్చింది పంతొమ్మిదో తారీకు. నకలు తయారీకి కోర్టు తీసుకున్న ఆ పద్నాలుగు రోజులూ మీ గడువులోంచి పోవు."

"అంటే?"

"ముప్పైకి పద్నాలుగు కలపండి."

"నలభై నాలుగు. ఇవాళే."

"ఇవాళే. ఐదింటికి కోర్టు మూసేస్తారు. చెక్కను రెండుసార్లు కొలిచే మనిషి, కవరు ఒక్కసారి విప్పి చూడొద్దూ?"

"చెక్కంటే నాకు భయం లేదమ్మా. సంతకం ఎక్కడ పెట్టాలి?"

"ఇక్కడ. ఆ చెవి మీది పెన్సిల్ తియ్యకండి మేస్త్రీ, పెన్ను తీసుకోండి."