చెవుల మేస్త్రి పట్టిన చప్పుడు

తన బండిని చెవుల మేస్త్రికి అప్పగించాలా వద్దా అన్నది తేలక ల్యాబక్క టీ కొట్టు బల్ల మీద కూర్చుని గంట కావస్తోంది. ఆవిడ పని రక్తం సీసాలు మోయడం. వీధి వీధినా ఉన్న చిన్న క్లినిక్కుల్లో తీసిన శాంపిళ్ళు డబ్బాలో సర్దుకుని పెద్ద ల్యాబులో ఇచ్చి రావాలి, అదీ రెండు గంటల్లోపు. దాటితే అవి పనికిరావు. పోయిన వారం బండి నడిరోడ్డు మీద మొండికేస్తే ఒక ముసలావిడకి మళ్ళీ సూది గుచ్చాల్సొచ్చింది. నరం దొరక్క మూడుచోట్ల పొడిచారట. ఆ సంగతి విన్న రోజు ల్యాబక్కకి అన్నం సయించలేదు.

ఇదంతా తమ్ముడి నిర్వాకం. రెండ్రోజులు బండి అడిగి పట్టుకెళ్ళి, అక్క సంతోషిస్తుందని లావుపాటి కొత్త సైలెన్సరు వేయించి, గాలి ఫిల్టరు డబ్బా పీకించి, దాని స్థానంలో బూరలాంటి ఫిల్టరు తగిలించి తెచ్చాడు. "అక్కా, నీ బండికి రెక్కలొచ్చాయి" అన్నాడు. రెక్కలు కాదుగదా, ఉన్న కాళ్ళూ పోయాయి. యాక్సిలేటరు తిప్పితే ముందు గుటకలు మింగుతుంది, వదిలితే సైలెన్సరులో ఫట్ ఫట్‌మని పేలుతుంది. ఇద్దరు మెకానిక్కులకి చూపించింది. ఇద్దరూ తియ్యగా మాట్లాడారు, ఇద్దరి దగ్గర్నుంచీ బండి ఇంకాస్త చెడిపోయి వచ్చింది. అప్పట్నుంచీ తియ్యటి మాట వింటేనే ఆవిడకి ఒళ్ళు జలదరిస్తుంది.

ఈ మేస్త్రి మాటలైతే తేనె పట్టే. షెడ్డు టీ కొట్టు వెనకే, కానీ మనిషి ఎప్పుడూ టీ కొట్టు ముందే ఉంటాడు. ఏభై దాటిన వయసు, నల్లబడ్డ గోళ్ళు, పక్కకి నిలబడ్డ పెద్ద చెవులు. వాటితోనే పేరొచ్చిందో, పేరొచ్చాక అవి పెరిగాయో ఎవరికీ తెలీదు. అవతలి బల్ల మీద రిటైరైన లారీ డ్రైవరు, ఆయన పక్కన జిరాక్సు కొట్టాయన. లోపల టీ కొట్టాయన.

"చిన్న విషయమే తల్లీ," అని మొదలెట్టాడు మేస్త్రి. "మొన్నొకడొచ్చాడు, అచ్చం నీ కేసే. సైలెన్సరు మార్చాడు, ఫిల్టరు మార్చాడు, బండి దగ్గుతోందన్నాడు. నేను బండి ముట్టుకోలేదు. ఒక్కసారి కిక్కు కొట్టమన్నా, విన్నా. కార్బురేటరు పక్కనున్న స్క్రూ పావు చుట్టు తిప్పా. అంతే. దగ్గు పోయింది."

"పావు చుట్టేనా?" అంది ల్యాబక్క. తన బండికి మొదటి మెకానిక్కు అదే స్క్రూ అటు తిప్పాడు, రెండోవాడు ఇటు తిప్పాడు.

"పావు చుట్టంటే పావు కూడా కాదనుకో. మనసులో అనుకున్నా, అది తిరిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బండి ఎంత నున్నగా నడిచిందంటే, ట్యాంకు మీద నిండు గ్లాసు నీళ్ళు పెట్టా. ఇంజను నడుస్తోంది, నీళ్ళు కదిల్తే ఒట్టు."

"నీళ్ళు గడ్డకట్టాయేమో," అన్నాడు లారీ డ్రైవరు.

"నువ్వుండు పెద్దాయనా. ఆ కుర్రాడికి ఇంజను నడుస్తోందో లేదో తెలీక మళ్ళీ కిక్కు కొట్టబోయాడు! అది ఊరంతా పాకింది. ఇక చూస్కో, నిద్ర లేస్తే గుమ్మంలో బండ్లే. ఒకాయన ఫోన్లో వినిపించాడు, అరవై కిలోమీటర్ల అవతల్నుంచి. 'అయ్యా, మీ జెట్టులో ఇసక రేణువుంది, ఎడం పక్కకి' అన్నా. విప్పి చూస్తే ఉంది. ఎడం పక్కకే!"

జెట్టంటే కార్బురేటరులో పెట్రోలు పోయే సన్నటి బెజ్జమని ల్యాబక్కకి ఈ నెల్రోజుల్లో తెలిసొచ్చింది. దానికి కుడేంటి, ఎడమేంటి? ఆయన చేతులు చూసింది. గోళ్ళ నలుపు పాతదా, ఇవాళ్టిదా? పాతదే అనిపించింది. షెడ్డు వైపు చూసింది. బాగుచెయ్యడానికి వచ్చిన బండి ఒక్కటీ లేదు. రోజూ గుమ్మంలో నిలబడే ఆ బండ్లన్నీ ఎక్కడికి పోయినట్టు?

"ఇవన్నీ ఒకెత్తు. నా సొంత బండి సంగతి ఒకెత్తు," అన్నాడు మేస్త్రి, గొంతు తగ్గించి. "ఇంత లావు సైలెన్సరు వేశా. కార్బురేటరు మూడు రోజులు ట్యూన్ చేశా, తిండి లేదు, నిద్ర లేదు. పెట్రోలు ఎంత తాగేదనుకున్నావు? తాగడం కాదమ్మా, వాసన చూసేది. బంకు ముందు నుంచి పోతే చాలు, ఆ వాసనకి పది మైళ్ళు."

"ట్యాంకెందుకు మరి?" టీ కొట్టాయన లోపల్నుంచి అడిగాడు.

"అందం కోసం. విను. ఒకరోజు మా బావమరిది ఇంటికి బయల్దేరా. గేరు వేశా, తిప్పా. కళ్ళు తెరిచేసరికి బావమరిది ఇల్లు. దిగా. లోపలికెళ్ళా. చెల్లెలు టీ ఇచ్చింది, తాగా, గ్లాసు కింద పెట్టా. అప్పుడు... అప్పుడొచ్చిందమ్మా నా బండి చప్పుడు! దార్లో వెనకబడిపోయి, ఆయాసపడుతూ, అప్పుడొచ్చింది. బావమరిది ఎవరో చుట్టాలొచ్చారని తలుపు తీశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ చప్పుడు విన్నానా, అందులో వెంట్రుకవాసి తేడా ఉంది. పెట్రోలు ఒక్క చుక్క ఎక్కువ పోతోంది. వెంటనే మళ్ళీ షెడ్డుకొచ్చి సరిచేశా. ఇప్పుడు చప్పుడూ బండీ కలిసే వస్తాయి."

లారీ డ్రైవరు టీ పొలమారి దగ్గాడు. జిరాక్సు కొట్టాయన పకపకా నవ్వాడు. ల్యాబక్కకి మాత్రం నవ్వు రాలేదు. ఇంకో గంటలో సాయంత్రం రౌండు మొదలవుతుంది. ఈయన చెవిలో పువ్వులు పెట్టే రకమైతే నష్టపోయేది తనొక్కతే కాదు, ఎక్కడో మంచం మీద చెయ్యి చాపుకుని పడుకున్న మనిషి కూడా.

"సరే మేస్త్రిగారూ," అంటూ లేచింది. "నా బండి గోడ మలుపులో ఉంది. కిక్కు కొడతా. ఇక్కణ్ణుంచే విని చెప్పండి."

"బ్రహ్మాండం!" మేస్త్రి కాలు మీద కాలు వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. "కొట్టమ్మా."

మలుపు తిరిగి కిక్కు కొట్టింది. బండి కిక్కురుమనలేదు. మళ్ళీ కొట్టింది. చోకు లాగి కొట్టింది. నుదుటి మీద చెమట పట్టింది. ఐదోసారి కాలెత్తేలోపు వీధిలో కరెంటు పోయింది. టీ కొట్టులో ఫ్యాను చప్పుడు ఆగింది, జిరాక్సు కొట్టాయన చెప్పులు టపటపలాడుతూ తన కొట్టులోకి పోవడం వినిపించింది. నిమిషం తిరక్కుండా ఆ కొట్టు ముందు జనరేటరు బుడబుడమంటూ అందుకుంది.

"ఆఁ! పట్టేశా!" మలుపు ఇవతలికి కూడా వినిపించింది మేస్త్రి గొంతు. "ఆపకమ్మా, అలాగే ఉంచు! పెట్రోలు ఎక్కువ తాగుతోంది. గొంతులో మసి. జెట్టు ఒక సైజు తగ్గించాలి. రాసిస్తా కావాలంటే!"

ల్యాబక్క బండి తోసుకుంటూ వచ్చి ఆయన ముందు స్టాండు వేసింది. మేస్త్రి కళ్ళు మూసుకునే ఉన్నాడు, మొహంలో ఎక్కడలేని ప్రశాంతత.

"మేస్త్రిగారూ, నా బండి ఇంకా స్టార్టే కాలేదండీ."

కళ్ళు తెరిచాడు. ఎదురుగా ఉలుకూ పలుకూ లేని బండి. చెవుల్లో ఇంకా బుడబుడ. మెల్లగా తల తిప్పి జనరేటరు వైపు చూశాడు. లారీ డ్రైవరు కడుపు పట్టుకుని బల్ల మీదికి ఒరిగిపోయాడు. టీ కొట్టాయన గ్లాసులు కడగడం ఆపి మరీ నవ్వాడు.

"నవ్వకండయ్యా," అన్నాడు జిరాక్సు కొట్టాయన, జనరేటరు దగ్గర్నుంచి. "దీనికి నిజంగానే వారం నుంచి నల్లపొగ వస్తోంది."

ఆ సాక్ష్యం మేస్త్రికి అక్కరకు రాలేదు. ఆయన మొహం కందగడ్డలా అయింది. షెడ్డులోకి పోయి పానా తెచ్చి, బండి పక్కన గొంతుక్కూర్చుని ప్లగ్గు విప్పాడు. వెలుతురుకి పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. కొస సుద్దముక్కలా తెల్లగా ఉంది.

"సైలెన్సరూ ఫిల్టరూ మార్చినప్పుడు జెట్టు మార్చారా తల్లీ?"

ల్యాబక్క ఉలిక్కిపడింది. గంట నుంచీ తన బండి గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఆ మాటకొస్తే ముందటి ఇద్దరూ కూడా అడగని ప్రశ్న.

"లేదు. స్క్రూ ఒకటే తిప్పారు."

"గాలి దారి పెద్దది చేసి పెట్రోలు దారి పాతదే ఉంచారు. పాపం, దీనికి తాగడానికి చాలట్లేదు. పెద్ద జెట్టు వెయ్యాలి."

"ఇందాక తగ్గించాలన్నారుగా?"

"అది జనరేటరుకమ్మా," అన్నాడు నేలచూపులు చూస్తూ.

ఆవిడ బోర్లించిన డబ్బా మీద పక్కనే కూర్చుంది. పాత జెట్టు, కొత్త జెట్టు రెండూ పక్కపక్కన పెట్టించి బెజ్జాలు తేడాగా ఉన్నాయో లేదో తనే చూసుకుంది. మేస్త్రి ఒక్క కోత కోయలేదు. ఒకటికి రెండు జెట్లు వేసి చూశాడు, వీధి చివరిదాకా నడిపి వచ్చి మళ్ళీ ప్లగ్గు విప్పాడు. మూడోసారి కొస ఇటుక రంగుకి తిరిగింది, అంటే పెట్రోలు సరిపోతోందన్నమాట. అప్పుడు స్క్రూ ముట్టుకున్నాడు.

ల్యాబక్క నాలుగు వీధులు చుట్టి వచ్చింది. తిప్పితే గుటక లేదు, వదిలితే పేలుడు లేదు. సీసాల డబ్బా వెనక కట్టుకుంటుంటే మేస్త్రి వెన్ను నిటారయింది. ఛాతీ పొంగింది. చెవి మీద చెయ్యి వేసుకున్నాడు.

"విన్నావా తల్లీ ఆ చప్పుడు?"

"విన్నానండీ," అంది ల్యాబక్క, గేరు వేస్తూ. "మీరు వింటున్నది కూడా నా బండిదేనా?"