మధ్యలో ఒక్క కుళాయి

సైన్స్ పార్క్ క్యాంటీన్‌లో మధ్యాహ్న భోజనాల వేళ. స్వతంత్రం వచ్చి ఏడాది నిండిన తూర్పు తిమోర్‌లో మిత్రబృందం తరఫున కుళాయి వేయించి, ఆ ఉదయమే తిరిగొచ్చాడతను. ఎదురుగా, అదే బృందంలోని ఆఫీసు సహోద్యోగిని.

“అక్కా, మన కుళాయి నిలబడింది!”

“ముందిది చెప్పు, ఆ రెండూళ్ళవాళ్ళూ కొట్టుకున్నారా?”

“ఒకళ్ళ ఇళ్ళు ఒకళ్ళు తగలబెట్టుకున్న ఊళ్ళు కదా, మొదటి రోజు ఎవరూ రాలేదు.”

“ఊరికొకటి వేద్దామంటే విన్నావా? రెండూళ్ళ మధ్యలో ఒక్కటే అని మొండికేశావు.”

“మర్నాడు మన ఊళ్ళో వీధి కుళాయి దగ్గర బిందెలు పెట్టినట్టు ఖాళీ డబ్బాలు వరసలో పెట్టించాను. నీళ్ళొచ్చేది సాయంత్రమే. అందాకా ఎవరి మొహం ఎవరూ చూడక్కర్లేదు.”

“ఇక్కడ టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ ‘చోప్’ చేసి, మనదని ఆపుకున్నట్టు!”

“అదే! మొన్న ఒకావిడ వంతొచ్చింది, మనిషి లేదు. వెనక డబ్బా అవతలి ఊరి ముసలమ్మది.”

“అయ్యో, తీసి పారేసిందా?”

“నేనూ అదే అనుకుని పరుగెత్తాను. ముసలమ్మ ఆ రాని ఆవిడ డబ్బా నింపి, మూత బిగించి, పక్కన పెట్టింది. తర్వాతే తనది పట్టుకుంది!”

“భలే ముసలమ్మ! సరే, ఇవాళ మన బృందం మీటింగులో రెండో కుళాయికి ఒప్పిస్తాను. పాపం, వాళ్ళకి ఎదురుచూపులు తప్పుతాయి.”

“వద్దక్కా! అడిగాను. రెండూళ్ళవాళ్ళూ రెండోది వద్దన్నారు.”

“మరేం కావాలట?”

“నీళ్ళొచ్చేదాకా అక్కడ కూర్చోడానికి ఒక బల్ల.”