అంకమ్మ తల్లి అడిగిన బోరింగు నీళ్ళు

మాలకొండమ్మ ఒంటిమీదికి అంకమ్మ తల్లి వచ్చేదంట. పదహారో ఏట మొదలైంది, నలభై నిండేదాకా ఏటా వస్తానే ఉంది. గణాచారి అంటాం కదమ్మా అట్టాంటి మనిషిని, ఆ గణాచారి. నల్లగుంట్లపాలెంలో ఏడాదికోసారి తల్లికి కొలుపులు, అదే జాతర, పెట్టేవాళ్ళు. పంబ వాయించే నరసయ్య ఆ జోడు డోళ్ళ మీద పుల్ల ఆడించేసరికి ఈమెకి ఒళ్ళు జలదరించేది, జుట్టు ఊడిపడేది, నోట్లోంచి తల్లి మాట వచ్చేది. ఊరోళ్ళంతా వేపమండలు పట్టుకుని, తల్లీ ఈ ఏడు నీళ్ళ సంగతేంది అని అడిగేవాళ్ళు. ఇచ్చానురా బిడ్డా, నేను లేనా అనేది తల్లి. మళ్ళీ ఏడూ అదే అడిగేవాళ్ళు, మళ్ళీ అదే చెప్పేది. నేను తల్లిని తప్పుబట్టటం లా, ఇదిగో చెంపలేసుకుంటున్నా చూడండి. తల్లి అన్నమాట తప్పలా. వాన కురిసింది, భూమిలో నీళ్ళున్నాయి. ఆ నీళ్ళని పైకి తెచ్చే బోరింగే చెడిపోయి రెండేళ్ళయింది. తల్లి గుడి ఎదురుగానే ఉండేది ఆ బోరింగు. పిడి పట్టి కొడితే కిర్రుమనేది, దాని మీద కాకి వాలేది, అంతే. మెకానిక్కేమో ముప్పై ఊళ్ళకి ఒకడు. ఇవాళొస్తాడు, రేపొస్తాడు అని ఎదురుచూట్టమే అనుకో.

మరి నీళ్ళెట్టా తాగారు అంటావా సూరమ్మా? చెప్తా ఆగు. పెసిడెంటు గురవయ్యగారి పెరట్లో బావి ఉంది. చెడ్డ మనిషి కాదు ఆయన, నీళ్ళు లేవు పొమ్మని ఎవరినీ అన్లా. కాకపోతే ఒకరి పెరట్లో నీళ్ళు తోడుకునేవాళ్ళు చేతులూపుకుంటా పోతే బాగుండదు కదా. అందుకని ఒకామె పోతా పోతా గొడ్ల చావిడి ఊడ్చేది, ఒకామె రెండు మోపుల గడ్డి పడేసేది, ఇంకొకామె మిరపకాయలు దంచిపెట్టేది. బోరింగు చెడిపోయిందగ్గర్నుంచి గురవయ్యగారి వాకిలి అద్దం మాదిరి ఉండేదంట. ఆయన మాత్రం పొద్దున లేస్తానే, ముందు ఆ బోరింగు బాగుచేయించాలర్రా అనేవాడు. మధ్యాహ్నం తిని చెయ్యి కడుక్కుంటా అనేవాడు. సాయంత్రం చుట్ట ముట్టించి అనేవాడు. అనటంలో ఏ రోజూ లోటు చెయ్యలా.

ఆ బావి దగ్గర కాపలా ఎవరయ్యా అంటే ఆయన పెళ్ళాం ఆదిలచ్చమ్మ. కోడి కూసిందగ్గర్నుంచి దీపాలేళదాకా పీట మీద కూర్చుని, చేత్తో బెత్తం పట్టుకుని, ఇంటికి రెండు బిందెలే అని చూస్తా ఉండాలి. ఎండకి నల్లబడిపోయింది మహాతల్లి. పెళ్ళయి ముప్పై ఏళ్ళు, ఆమె నోట్లో మూడే మాటలు. ఏమండీ, ఊఁ, అట్టాగే. నాలుగో మాట ఉందని ఊళ్ళో ఎవరికీ తెలీదు. ఈమెను గుర్తుపెట్టుకోండి, ఈమెతో పనుంది.

ఒకరోజు ఏమైందంటే, బావి దగ్గర వరసలో ముసలి తిరపతమ్మ కళ్ళు తిరిగి పడిపోయింది. అందరూ ఆమె మీద చీరకొంగులు విసురుతుంటే, ఎవరో, ఏమ్మా మాలకొండీ, నువ్వన్నా తల్లిని గట్టిగా అడగరాదా అన్నారు. మాలకొండమ్మకి చివుక్కుమంది. ఇరవై నాలుగేళ్ళుగా అడుగుతున్నాం గదే, తల్లి ఇస్తానే ఉంది, అందుకోటం మనకి చాతకావటం లా అనింది. అనేసి ఇంటికిపోయి, ఆ మాట తనదా తల్లిదా అని పొయ్యి ముందు కూర్చుని ఆలోచించిందంట. ఆ వారంలోనే డ్వాక్రా మీటింగులో చెప్పారు, మండలంలో ఆడోళ్ళకి బోరింగు రిపేరు నేర్పుతారంట, పది రోజులంట, ఊరికొకరు రావచ్చంట అని. అందరూ మొహాన కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. మాలకొండమ్మ లేచి నిలబడి, నేను పోతా అనింది.

పోయింది. పది రోజులకి బస్సు దిగింది. భుజాన గోనెసంచి, అందులో రెండు పానాలు, పైపు పట్టే గొలుసు పానా ఒకటి, గ్రీజు డబ్బా, తోలు వాచర్లు. గోళ్ళ సందుల్లో నలుపు. అది చూసి గురవయ్యగారు ఊరి పెద్దల్ని పిలిపించి, చేతులు రెండూ జోడించి, ఎంతో మర్యాదగా, అమ్మా మాలకొండమ్మా, అది మామూలు ఒళ్ళు కాదమ్మా, తల్లి వచ్చే ఒళ్ళు, ఆ ఒంటికి గ్రీజు పూస్తావా, రేపు తల్లికి కోపమొస్తే ఊరేం గావాలి అన్నాడు. అవునవును అన్నారు పెద్దలు. ఆమె కూడా అంతే మర్యాదగా, పసుపు పూసుకుంటే వెతుక్కుంటా వచ్చిన తల్లికి గ్రీజు పూసుకుంటే దారి తెలీకుండా పోద్దా పెసిడెంటుగారా అనింది. అబ్బే, అట్టా కాదమ్మా, తల్లి పనిలోంచి నిన్ను విడిపించాల్సింది తల్లే, కొలుపుల్లో అడుగుదాం, తల్లి పొమ్మంటే పో అన్నాడాయన. సరే అడగండి అనింది. అనేసరికి ఆయనకి బుర్రలో ఏదో మెదిలింది. ఇదెట్టా కుదురుద్దీ, అడిగేది నీ సంగతి, చెప్పేది నీ నోరు, రెండూ ఒకటే అయితే ఇంక న్యాయమేముంది, ఈసారికి తల్లి ఇంకొకరి మీదికి రావాల అన్నాడు. ఇంకొకరంటే ఎవరు? మా ఇంటిదుంది గదా, నోరూ వాయీ లేనిది, దానికైతే పక్షపాతం ఉండదు అన్నాడు.

నవ్వకండమ్మా. ఆయన ఆ రోజునుంచి పెళ్ళానికి మూడు ముక్కలు నేర్పాడంట. మాలకొండి నా మనిషి. దాని చెయ్యి ఇనుము పట్టరాదు. బోరింగు జోలికి పోరాదు. అంతే, ఇంక ఒక్క అక్షరం ఎక్కువ చెప్పాల్సిన పన్లా. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఒప్పజెప్పించుకునేవాడు. ఆమె బావి కాడ కూర్చుని, బెత్తం ఊపుకుంటా, పెదాలు కదిలించుకుంటా వల్లించేది. ఇరవై నాలుగేళ్ళు తల్లిని మోసిన గణాచారి ముందు తల్లికి చదువు చెప్తున్నారని ఊరంతా తెలుసు. ఎవరు నోరు తెరుస్తారు? మర్నాటి నీళ్ళు కావాలి గదా.

మాలకొండమ్మకి అన్నం సయించలేదంట. ఎందుకంటే ఆమె నమ్మిన మనిషి. ఎవరి నోట వచ్చినా తల్లి మాట తల్లి మాటే, వద్దంటే ఆ సంచి మూటగట్టి అటక మీద పెట్టాల్సిందే, ఇంక జన్మలో ముట్టేదిలా. కొలుపుల ముందురోజు సంచి తీసుకుని గుడికిపోయింది. పానాకి బొట్టుపెట్టి తల్లి ముందు పెట్టి, అమ్మా, నిన్నొదిలి పోతాననటం లేదు, నీ పని ఇంకో రకంగా చేస్తానంటున్నా, నీ నీళ్ళే గదా, నోటితో ఇచ్చింది చాలు, చేత్తో ఇస్తానంటున్నా, ఆపైన నీ ఇష్టం అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. రాతి తల్లి ఏమంటది, వింటది.

కొలుపుల రోజు పట్టపగలు, నడినెత్తిన ఎండ. ఆదిలచ్చమ్మకి తలకి పోసి, పసుపు చీర కట్టి, నడుముకి వేపమండలు చుట్టి నిలబెట్టారు. నరసయ్య పంబ అందుకున్నాడు. గడియ అయింది, రెండు గడియలయింది, ఆమె గుంజ మాదిరి నిలబడే ఉంది. గురవయ్యగారు దగ్గాడు. కళ్ళెగరేశాడు. చివరికి పక్కకి చేరి, మాలకొండి నా మనిషి, అను, అను అని మెల్లగా అందించాడు. అప్పుడొచ్చిందయ్యా వణుకు! కాలి బొటనవేలి కాడ మొదలై భుజాలకెక్కింది, ముడి ఊడింది, జుట్టు గిర్రున తిరిగింది. ఎవరు తల్లీ వచ్చిందీ అన్నాడు నరసయ్య. అంకమ్మనిరా అని అరిచింది చూడూ, బోరింగు మీద కాకి లేచి పొరుగూరు పోయింది. ముప్పై ఏళ్ళు దాచిపెట్టిన గొంతది. గురవయ్యగారు ముందుకొచ్చి, తల్లీ, మాలకొండి సంగతి అంటా ఉండగానే, ఒరే గురవా, నా ముందు నిలబడి మాట్టాడతావంట్రా, కూర్చో అనింది. ఒరే గురవా అంట! ఏమండీ తప్ప పలకని నోరు! ఆయన టక్కున మట్టిలోనే కూర్చున్నాడు. నా నెత్తి మాడిపోతా ఉంది, ఎన్నాళ్ళనుంచో ఎండలో కూర్చున్నా, నీళ్ళు పొయ్యిరా అనింది తల్లి.

ఇక్కడొక సంగతి చెప్పాల. మా వైపు తల్లిని చల్లబరిచే పసుపునీళ్ళు ఊరుమ్మడి నీళ్ళే అయ్యుండాల. ఒక ఇంటి నీళ్ళు పోశారా, తల్లి ఆ ఇంటిదైపోద్ది. బోరింగు చెడిన రెండేళ్ళూ, సర్లే ఇప్పటికిట్టా కానిద్దాం అని గురవయ్యగారి బావి నీళ్ళే పోశారు. ఇప్పుడూ ఆయన అవే తెప్పించాడు. ఆమె బిందె అందుకుని, వాసన చూసి, ఎత్తి ఆయన నెత్తినే గుమ్మరించింది. ఇవి నీ పెరటి నీళ్ళు! నేను నీ ఒక్కడి సొత్తునంట్రా? ఊరందరి తల్లినా? చెప్పు! అనింది. ఊరందరి తల్లివే తల్లీ, నా ఒక్కడి సొత్తు కాదు, తప్పయింది అని లెంపలేసుకున్నాడు ఆయన, సొంత పెళ్ళాం ముందు. అయితే నా బోరింగు నీళ్ళు నాకు పొయ్యండి, అందాకా నేను కదలను, వీణ్ణీ కదలనివ్వను అని బోరింగు గట్టు మీద చతికిలబడింది. వేపమండ ఆయన చేతికిచ్చి, ఊఁ, విసురు అనింది. మాలకొండమ్మ వైపు తిరిగి, ఏమే, ఆ సామాను తెచ్చింది ముద్దుపెట్టుకోటానికా అనింది.

మాలకొండమ్మ కొంగు దోపింది. నీళ్ళు రాలేదనుకో, తల్లి శాంతించదు, తన బతుకు ఊరి నోళ్ళలో పడుద్ది. పైమూత విప్పింది, గొలుసు ఊడదీసింది, కడ్డీలు లాగింది. తుప్పు పట్టిన నట్టు రాదే! పానా జారి వేళ్ళ కణుపులు చెక్కుకుపోయాయి. పైపులు లాగటానికి సాయం పట్టండయ్యా అంటే మగోళ్ళు పెసిడెంటు మొహం వంక చూశారు. ఆయన విసురుతున్నాడు పాపం, ఏం చెప్తాడు? ఆడోళ్ళే పదిమంది కొంగులు బిగించారు. బావి కాడ వరసలో నిలబడి తిట్టుకున్నోళ్ళే, ఇప్పుడు ఒకే పైపు పట్టి హైలెస్సా అని లాగారు. ఏడో పైపు అడుగున చూస్తే ఏముందీ, తోలు వాచర్లు మాడిన అప్పడాల మాదిరి పొడిపొడి. రెండేళ్ళు ఊరిని ఎండగట్టింది అరచేతంత తోలు ముక్క! ఆమె తెచ్చుకున్న వాచర్లు వారంనుంచి ఆముదంలో నానేసి ఉంచింది. అవి తొడిగింది, మళ్ళీ అన్నీ దించింది, బిగించింది. పొద్దు పడమటికి వాలింది.

పిడి పట్టుకుని కొట్టింది. కిర్రు. ఇరవై సార్లు కొట్టింది, గాలి. నలభై సార్లు కొట్టింది, గాలే. మగోళ్ళు గుసగుసలు మొదలెట్టారు. గురవయ్యగారి మొహం తేటపడి, విసరటం కాస్త మందగించింది. తల్లి కళ్ళు మూసుకునే, విసరరా అనింది. మాలకొండమ్మ లోపల్లోపల తల్లిని తలుచుకుని ఇంకొకటి కొట్టింది. లోపలెక్కడో గుటకేసిన చప్పుడైంది. ఇంకొకటి. ఎర్రటి బురద కక్కింది. ఇంకో పది కొట్టేసరికి, నా తల్లే, గాజు మాదిరి నీళ్ళు, ధార కట్టి! నరసయ్య ఎవరూ చెప్పకుండానే పంబ వాయించాడు. మాలకొండమ్మ ఆ గ్రీజు చేతుల్తోనే బిందె నింపి, పసుపు కలిపి, ఆదిలచ్చమ్మ తలమీద పోసింది. అప్పుడంట, ఆ నీళ్ళ ధారలోంచి ఆదిలచ్చమ్మ ఒక కన్ను తెరిచి, మెల్లగా, ఇంకెవరికీ వినపడకుండా, ఇంకో బిందె పొయ్యవే మాలకొండీ, ప్రాణం లేచొచ్చింది అందంట.

ఆ తర్వాత మాలకొండమ్మ పాత సైకిలొకటి సంపాదించి, ముప్పై ఊళ్ళూ తిరిగి బోరింగులు బాగుచేసింది. కొత్త ఊరు పోతే మగోళ్ళు, మెకానిక్కు ఏడమ్మా అని అడిగేవాళ్ళంట. వస్తాడు గానీ ముందు మీరు పక్కకి జరగండి అనేది. ఏ బోరింగు విప్పినా ముందు పానాకి బొట్టు పెట్టేది. ఆదిలచ్చమ్మ మళ్ళీ బావి కాడ పీట వెయ్యలా. తల్లి ఆమెనే పట్టుకుంది, ఏడాదికోసారి కూడా కాదు, ప్రతి మంగళవారం వస్తదంట. గురవయ్యగారు తడిగుడ్డలతో, వేపమండ పట్టుకుని, పక్కనే నిలబడి విసురుతుంటాడు.

అది తల్లి మాటా, ఆదిలచ్చమ్మ మాటా అని నన్నడగబాకండి. నేను చేతులెత్తి దణ్ణం పెట్టి ఆ బోరింగు నీళ్ళు తాగొచ్చినదాన్ని, తియ్యగా ఉన్నాయి, నాకంతే తెలుసు. గురవయ్యగారు కూడా ఆ మాట ఎప్పుడూ అడగలేదంట. గుళ్ళో అడిగినా, ఇంట్లో అడిగినా, జవాబు చెప్పే నోరు ఒకటే గదా, ఇంక న్యాయమేముంది!